బెంగళూరు బోరు నీళ్ల రిపోర్టు చదవడం: రాయి ఇచ్చిందేది, మురుగు కలిపిందేది

బెంగళూరులో బోరు మీద ఆధారపడ్డ అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఒకే వరస నడుస్తుంది. గీజరు కాయిల్ కాలిపోతుంది, షవరు రంధ్రాలు పూడిపోతాయి, ఎవరో టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం పదార్థాలు) చూపే పెన్ను ముంచి 700 అని చెబుతారు, మరుసటి మీటింగుకల్లా సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వం తగ్గించే యంత్రం) కొటేషన్లు వచ్చేస్తాయి. ఆ 700లో ఏముందో మాత్రం ఎవరూ అడగరు. లీటరు నీళ్లలో కరిగిన 700 మిల్లీగ్రాములు కాల్షియం బైకార్బనేటు అయితే ఒక పని చేయాలి, సోడియం బైకార్బనేటు అయితే ఇంకో పని, అందులో నైట్రేటు ఉంటే అన్నిటికన్నా ముందు వేరే పని. ఈ తేడా తెలియాలంటే సాంపుల్ సరిగ్గా పట్టాలి, రెండు మూడు పరీక్షలు బోరు దగ్గరే చేయాలి, ల్యాబు రిపోర్టును లెక్క వేసి చూడాలి. ఈ మూడూ ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ గుర్తున్నవాళ్లు ఎవరైనా చేయగలిగినవే.

కింద ఉన్న రాయి నీళ్లకు ఏమిస్తుంది

లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం నిలబడ్డ బండను దగ్గరగా చూడండి. తెలుపు, బూడిద, నలుపు చారలు కలిసిన ఆ రాయి పేరు పెనిన్సులర్ నైస్, వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపూర్ రోడ్డు కింద బోరు దిగేది కూడా ఇదే జాతి రాతిలోకి. తెల్లటి భాగంలో పలుగురాయి (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు ఉంటాయి. నల్లటి చారలు నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్ అనే ఖనిజాలవి.

వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడును కలుపుకుంటుంది. మట్టిలోని గాలిలో ఈ వాయువు బయటి గాలిలో కన్నా పదుల రెట్లు ఎక్కువ. అలా తయారైన బలహీనమైన కార్బోనిక్ ఆమ్లం ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా తింటుంది. రాయి ఉన్నచోట తెల్ల బంకమట్టి మిగులుతుంది. సోడియం, కాల్షియం, సిలికా నీళ్లలోకి వస్తాయి, ఆమ్లం బైకార్బనేటుగా మారుతుంది. నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్ నుంచి మెగ్నీషియం, ఇనుము, కొంచెం ఫ్లోరైడు వస్తాయి. పలుగు దాదాపు కరగదు.

రిపోర్టు చదవడానికి తాళంచెవి ఇక్కడే ఉంది. ఈ రాతిలో క్లోరైడు దాదాపు లేదు, నైట్రేటు అసలే లేదు. కాబట్టి రిపోర్టులో ఆ రెండూ కలిసి ఎక్కువగా కనిపిస్తే అవి రాతి నుంచి వచ్చినవి కావు. నగరంలో వాటికి మొదటి మూలం మురుగు.

మన కడప వైపు కథ వేరు. అక్కడ ఇంటి నేలకు పరిచే రాయే సున్నపురాయి. ఆమ్లం తగిలితే చప్పున కరుగుతుంది, నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కలిపి బైకార్బనేటుకు దాదాపు సరిసమానంగా ఉంటాయి, సోడియం తక్కువ. కడపలో పనిచేసిన ఫిల్టరును చూసి బెంగళూరు ఇంటికి కొనడం అందుకే తప్పు లెక్క అవుతుంది.

లోతు పెరిగితే ఇంకో మార్పు. 1000 అడుగులు దాటిన బోరులో నీరు పగుళ్లలో చాలాకాలం నిలిచి ఉంటుంది. కాల్షియం కొంత సున్నంగా పేరుకుపోతుంది, కొంత బంకమట్టి పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. నీరు మెత్తబడుతుంది, సబ్బు బాగా నురగ వస్తుంది, అందరూ మంచి నీళ్లు పడ్డాయంటారు. సరిగ్గా ఇలాంటి నీళ్లలోనే ఫ్లోరైడు పెరుగుతుంది. కాల్షియం, ఫ్లోరైడు కలిస్తే ఫ్లోరైట్ అనే ఖనిజంగా దిగిపోతాయి, కాబట్టి కాల్షియం ఉన్నంతసేపు ఫ్లోరైడుకు ఒక పైహద్దు ఉంటుంది. కరుగుదల స్థిరాంకంతో స్థూలంగా లెక్క కడితే, లీటరుకు 100 మి.గ్రా. కాల్షియం ఉన్న నీళ్లలో ఫ్లోరైడు 2 మి.గ్రా. దగ్గర ఆగుతుంది. కాల్షియం 10 మి.గ్రా.కు పడిపోతే 6 వరకూ పోవచ్చు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో మొదట రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించే. నల్లగొండ, అనంతపురం, కోలారు అన్నీ ఇలాంటి గ్రానైటు, నైస్ నేలలే. మెత్తటి నీళ్లు పడ్డాయని సంబరపడే ముందు ఫ్లోరైడు పరీక్ష చేయించాలి.

సాంపుల్ పట్టడం

పాడయ్యే సాంపుల్స్‌లో ఎక్కువ భాగం ఇక్కడే పాడవుతాయి. సంపులోంచి పడితే అది బోరు నీరు కాదు. కావేరి నీళ్లు, ట్యాంకరు నీళ్లు, క్లోరిన్ అన్నీ కలిసి ఉంటాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు కింద కుళాయి ఇంకా దండగ. బోరు నుంచి పైకి వచ్చే డెలివరీ పైపుకు, సాఫ్ట్‌నర్‌కు ముందే, ఒక టీ జాయింటు వేయించి అరంగుళం కుళాయి పెట్టించుకోండి. ప్లంబరుకు అరగంట పని. రెండు మూడు బోర్లుంటే ప్రతిదానికీ విడిగా పెట్టించండి. పక్కపక్కన ఉన్న రెండు బోర్లు వేరే వేరే పగుళ్ల నుంచి తాగుతుంటాయి.

ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు సుమారు 21 లీటర్లు నిలిచి ఉంటాయి. నీటిమట్టం 100 మీటర్ల దగ్గర, బోరు లోతు 300 మీటర్లు అనుకుంటే, నిలవ నీరు 4,200 లీటర్లకు పైనే. సాంపుల్‌కు ముందు నిలవ నీటికి మూడింతలు తోడి పారేయాలన్న మామూలు నియమం ఇక్కడ నడవదు. రోజూ నడిచే బోరైతే మోటారు వేసి 20 నిమిషాలు వదిలి, ఆ తర్వాత ఐదేసి నిమిషాలకోసారి ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత రాయండి. వరుసగా మూడుసార్లు పీహెచ్ 0.1 లోపు, వాహకత 3 శాతం లోపు నిలబడితే అప్పుడు పట్టండి. నెలల తరబడి మూసి ఉంచిన బోరైతే ముందురోజు కనీసం రెండు గంటలు తోడించాలి. లేకపోతే వచ్చేది కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) తుప్పు, అది ల్యాబులో ఇనుముగా లెక్కకొస్తుంది.

సీసాల విషయంలో పిసినారితనం వద్దు. కూల్‌డ్రింక్ సీసా ఎంత కడిగినా పనికిరాదు. ల్యాబు ఇచ్చే తెల్ల ప్లాస్టిక్ సీసాలే తీసుకోండి. మూడు కావాలి:

- లీటరు సీసా, ఏమీ కలపకుండా, గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపినది. క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, ఇక్కడ ముఖ్యంగా బైకార్బనేటు) కోసం. ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ఇచ్చేయాలి. నైట్రేటును 48 గంటల్లోపు కొలవాలి.
- 250 మి.లీ. సీసా, 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టి, పీహెచ్ 2 కన్నా తగ్గేలా నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసినది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, ఇనుము, యురేనియం కోసం. వడకట్టకుండా ఆమ్లం వేస్తే మట్టి రేణువుల్లోని ఇనుము కూడా కరిగి లెక్కలో చేరుతుంది.
- బ్యాక్టీరియా కోసం ల్యాబు మూతవేసి ఇచ్చిన స్టెరైల్ సీసా. కుళాయి మూతిని ముందు మంటతో కాల్చి లేదా స్పిరిట్‌తో తుడిచి, కొంచెం నీళ్లు వదిలాక పట్టాలి.

సీసా మీద బోరు నంబరు, తేదీ, గంట, అక్కడ కొలిచిన పీహెచ్, ఉష్ణోగ్రత రాయాలి.

బోరు దగ్గరే చేయాల్సినవి

పీహెచ్ ల్యాబుకు వదిలేయకూడనిది. లోతులో ఒత్తిడి కింద ఉన్న నీళ్లలో కార్బన్ డయాక్సైడు చాలా ఉంటుంది. బయటికి రాగానే మూత తీసిన సోడాలా అది వదిలిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది. బోరు దగ్గర 7.1 ఉన్న నీరు రెండో రోజు ల్యాబు బల్ల మీద 8.0 చూపడం మామూలే. మీరే చూడొచ్చు: గాజు గ్లాసులో అప్పుడే పట్టిన నీటిలో గోడకు సన్నటి బుడగలు అంటుకుంటాయి. అదే నీటిని వెడల్పాటి బకెట్‌లో రాత్రంతా ఉంచి పొద్దున పీహెచ్ కొలవండి. పైన పలచటి తెల్లటి పొర కూడా తేలి ఉంటే సున్నం దిగడం మొదలైనట్టే.

మీటరును అదే రోజు 7, 4 బఫర్లతో సరిచేసుకోవాలి. వాహకత మీటరును 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంతో. టీడీఎస్ పెన్ను కూడా నిజానికి వాహకతనే కొలిచి, లోపల ఒక అంకెతో గుణించి చూపిస్తుంది. ఆ గుణకం పెన్నుకో రకం, అందుకే రెండు పెన్నులు ఒకే గ్లాసులో 600, 750 అని కొట్లాడుకుంటాయి.

కఠినత్వం (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం) పరీక్షకు కావలసినవి: బ్యూరెట్, కోనికల్ ఫ్లాస్కు, ఆ రెండింటినీ పట్టుకునే 0.01 మోలార్ ఈడీటీఏ (డైసోడియం ఈడీటీఏ 3.723 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటరులో), పీహెచ్ 10 అమ్మోనియా బఫరు, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే సూచిక రంగు. ఈ రంగును ద్రావణంగా నిలవ ఉంచితే త్వరగా చెడుతుంది. అర గ్రామును 100 గ్రాముల ఉప్పుతో నూరి పొడిగా పెట్టుకోవడం మేలు. సాంపుల్ 25 మి.లీ., డిస్టిల్డ్ వాటరు 25 మి.లీ., బఫరు 1 మి.లీ., చిటికెడు పొడి వేస్తే ముదురు ఎరుపు వస్తుంది. ఈడీటీఏ చుక్కచుక్కగా వదులుతూ తిప్పండి. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నిఖార్సైన నీలం రాగానే ఆపాలి. వాడిన మి.లీ.ను 40తో గుణిస్తే కాల్షియం కార్బనేటు లెక్కన కఠినత్వం. 10 మి.లీ. పట్టిందంటే 400. బఫరు వేశాక ఐదు నిమిషాల్లో ముగించాలి, ఆలస్యమైతే ఆ పీహెచ్ దగ్గర సున్నం ఫ్లాస్కులోనే దిగి అంకె తగ్గుతుంది. నీలం రాకుండా ఊదా దగ్గరే తచ్చాడుతుంటే ఇనుము లేదా రాగి అడ్డుపడుతోందని అర్థం.

కాల్షియం విడిగా కావాలంటే బఫరుకు బదులు సోడియం హైడ్రాక్సైడుతో పీహెచ్‌ను 12 దాటించి, మ్యూరెక్సైడ్ అనే సూచిక రంగు వేసి అదే ఈడీటీఏతో చేయాలి. గులాబీ నుంచి ఊదాకు మారుతుంది. ఆ పీహెచ్ దగ్గర మెగ్నీషియం అవక్షేపమై పక్కకు తప్పుకుంటుంది. 6.25 మి.లీ. పడితే కాల్షియం కఠినత్వం 250, మిగిలిన 150 మెగ్నీషియంది. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. అమ్మోనియా బఫరును మూసిన గదిలో తెరవొద్దు.

క్షారతకు 50 మి.లీ. సాంపుల్, మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం. పసుపు నారింజ ఛాయకు తిరిగే చోట ఆపి 20తో గుణించాలి. 15 మి.లీ. అంటే 300. క్లోరిన్ వేసిన నీళ్లయితే రంగు వెలిసిపోతుంది, ముందు ఒక చుక్క సోడియం థయోసల్ఫేటు వేయాలి.

రిపోర్టును నిలదీయడం

ల్యాబు కాగితం రాగానే హద్దులు చూడకండి. ముందు అది నమ్మదగ్గదో కాదో తేల్చండి. నీళ్లలో ధన ఆవేశం, రుణ ఆవేశం సమానంగా ఉండి తీరాలి. ఒక్కో అయానును దాని తుల్యభారంతో భాగిస్తే మిల్లీ ఈక్వివలెంట్లు వస్తాయి: కాల్షియం 20, మెగ్నీషియం 12.15, సోడియం 23, పొటాషియం 39, బైకార్బనేటు 61, క్లోరైడు 35.5, సల్ఫేటు 48, నైట్రేటు 62. క్షారతను కాల్షియం కార్బనేటుగా ఇస్తే 50తో భాగిస్తే చాలు.

లెక్క కోసం ఒక రిపోర్టు అనుకుందాం, అంకెలన్నీ లీటరుకు మి.గ్రా. కాల్షియం 100, మెగ్నీషియం 36.5, సోడియం 92, పొటాషియం 4. ఇవి 5 + 3 + 4 + 0.1, మొత్తం 12.1. అటువైపు క్షారత 300, క్లోరైడు 142, సల్ఫేటు 48, నైట్రేటు 62, అంటే 6 + 4 + 1 + 1 = 12. ఫ్లోరైడు 1 మి.గ్రా. ఉంటే ఇంకో 0.05. తేడాను మొత్తంతో భాగించి వందతో గుణిస్తే 0.2 శాతం. ఐదు శాతం లోపు ఉంటే రిపోర్టు బాగుంది. పది దాటితే మళ్లీ కొలవమని అడగడం మీ హక్కు. మొహమాటపడొద్దు. వాహకతను 100తో భాగిస్తే సుమారుగా ధన అయాన్ల మొత్తం రావాలి, ఇక్కడ 1,200 దగ్గర ఉండాలి. సోడియం కొలవకుండా తేడాను అందులో సర్దేసే ల్యాబులూ ఉంటాయి. తేడా ప్రతిసారీ సరిగ్గా సున్నా వస్తే అనుమానించండి.

ఇప్పుడు చదువుదాం. కఠినత్వం 400, క్షారత 300. రెండింట్లో చిన్నదైన 300 తాత్కాలిక కఠినత్వం, మరిగిస్తే చాలామటుకు దిగిపోతుంది. మిగిలిన 100 శాశ్వతం. ఒకవేళ క్షారతే కఠినత్వం కన్నా ఎక్కువ ఉంటే అది సోడియం బైకార్బనేటు నీరు, పైన చెప్పిన లోతు బోరు రకం. ఫ్లోరైడు అంకె దగ్గర వేలు పెట్టి చూడాల్సింది అప్పుడే. అలాంటి నీళ్లలో బైకార్బనేటు యురేనియాన్ని కూడా పట్టుకుని కరిగించి ఉంచుతుంది. గ్రానైటులో అది సహజంగానే ఉంటుంది కాబట్టి లోతు బోరుకు ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు.

తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500. కఠినత్వం 200 వరకు మంచిది, వేరే గతి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్‌కు 500, 2,000. ఫ్లోరైడుకు 1.0, 1.5. నైట్రేటుకు ఒక్కటే హద్దు, 45, సడలింపు లేదు. కొన్ని ల్యాబులు నైట్రేటును నైట్రోజన్‌గా రాస్తాయి. అలా రాసిన 14ను 4.43తో గుణిస్తే 62 అవుతుంది. ఆ చిన్న అక్షరాలు చదవకపోతే 14 అంటే సేఫ్ అనుకుంటారు.

కాబట్టి మన రిపోర్టులో అసలు సమస్య కఠినత్వం కాదు, 62 ఉన్న నైట్రేటు. పక్కనే క్లోరైడు 142. మురుగు పై పొరల నుంచి బోరులోకి దిగుతోంది. బ్యాక్టీరియా రిపోర్టు కూడా తెప్పించుకుని, కేసింగ్ గట్టి రాయి దాకా దిగిందా, కేసింగ్ చుట్టూ సిమెంటు గ్రౌటు ఉందా, బోరు మూత చుట్టూ నీళ్లు నిలుస్తున్నాయా, దగ్గర్లో మురుగు పైపు కారుతోందా చూడండి. ఈ నీళ్లను మరిగిస్తే నైట్రేటు పోదు, ఆవిరైన మేర ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడు కూడా అంతే. చంటిపిల్లల పాలకు ఈ నీళ్లు వాడకూడదు.

గార పడుతుందా లేదా

గార అంటే పైపుల్లో, పాత్రల్లో పేరుకునే సున్నపు పొర. అది కడుతుందో లేదో చెప్పడానికి 1936లో లాంజెలియర్ ఇచ్చిన సూత్రం ఇంకా పనికొస్తుంది. నీరు సున్నంతో సంతృప్తమయ్యే పీహెచ్ కట్టి, దాన్ని నీళ్ల అసలు పీహెచ్ నుంచి తీసేయాలి. సంతృప్త పీహెచ్ = 9.3 + ఏ + బి − సి − డి.

ఏ: టీడీఎస్ లాగరిథమ్ నుంచి 1 తీసి 10తో భాగించాలి. బి: 34.55లోంచి, 273 కలిపిన ఉష్ణోగ్రత లాగరిథమ్‌కు 13.12 రెట్లు తీసేయాలి. సి: కాల్షియం కఠినత్వం లాగరిథమ్ నుంచి 0.4 తీసేయాలి. డి: క్షారత లాగరిథమ్. అన్నీ 10 ఆధారపు లాగరిథమ్‌లే, ఫోను క్యాలిక్యులేటరు చాలు.

మన నీటికి టీడీఎస్ 705, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. 9.3 + 0.185 + 2.05 − 2.00 − 2.48 = 7.06. బోరు దగ్గర పీహెచ్ 7.1 కాబట్టి తేడా దాదాపు సున్నా, నీరు సరిగ్గా తూకంలో ఉంది. అదే ల్యాబు రాసిన 8.0 వేసుకుంటే +0.94, భయంకరంగా గార కట్టే నీరని తేలుతుంది. నిజానికి రెండూ నిజమే: బోరు పైపులో కట్టదు, వాయువు వదిలాక ట్యాంకులో, షవరులో కడుతుంది. గీజరులో 60 డిగ్రీలకు బి విలువ 1.46కు పడి, పీహెచ్ మారకపోయినా తేడా +0.63 అవుతుంది. ఉష్ణోగ్రతను 50 దగ్గర ఉంచితే కాయిల్ మీద పేరుకునే వేగం తగ్గుతుంది. ఖర్చు లేని మందు ఇది.

నిమ్మ ఉప్పు లేదా వెనిగరు వేస్తే బుస్సున పొంగి పోయేది సున్నం. ఎంత రుద్దినా పోని గాజులాంటి మరక సిలికా. ఈ నేలల నీళ్లలో సిలికా చాలినంత ఉంటుంది, దాన్ని సాఫ్ట్‌నర్ ముట్టుకోదు. నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర సిలికా కరుగుదల లీటరుకు సుమారు 120 మి.గ్రా. అపార్ట్‌మెంటుకంతా ఆర్‌ఓ పెట్టి 75 శాతం నీరు రాబట్టాలనుకుంటే, సిలికా 40 ఉన్న నీరు మెంబ్రేను దగ్గర 160 అవుతుంది. కొటేషన్ ఇచ్చేవాళ్లను సిలికా ఎంత లెక్కేశారో అడగండి.

ఏం పెట్టాలి, ఎంత

సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని సోడియం ఇస్తుంది. టీడీఎస్ తగ్గదు, నైట్రేటు తగ్గదు, ఫ్లోరైడు తగ్గదు. ప్రతి 100 కఠినత్వానికి 46 మి.గ్రా. సోడియం చేరుతుంది. మన నీళ్లలో 92కు 184 కలిసి 276. అందుకే స్నానం, బట్టలు, గీజరు వరకే అది. తాగడానికి, వంటకు వంటగదిలో ఆర్‌ఓ, అది నైట్రేటు, ఫ్లోరైడు రెండింటినీ తగ్గిస్తుంది. కావేరి కనెక్షన్ ఉంటే ఆ నీళ్లను సంపులో బోరుతో కలపకుండా వంటగదికి విడి లైను వేయడం అన్నిటికన్నా మంచి పరిష్కారం.

రోజుకు 10,000 లీటర్లు, కఠినత్వం 400 అంటే రోజుకు 4 కిలోల కాల్షియం కార్బనేటుతో సమానం. సాఫ్ట్‌నర్‌లో కఠినత్వాన్ని పట్టుకునే గుళికలైన రెజిన్ లీటరుకు సుమారు 50 గ్రాములు పట్టుకుంటుంది, కాబట్టి రోజుకోసారి రీజనరేషన్‌కు (ఉప్పు నీటితో రెజిన్‌ను కడిగి మళ్లీ సిద్ధం చేయడానికి) 80 లీటర్ల రెజిన్, దాదాపు 10 కిలోల ఉప్పు. ఇనుము 1 మి.గ్రా. దగ్గర ఉంటే ముందు గాలి తగిలించి ఇసుక ఫిల్టరు పెట్టాలి, లేకపోతే రెజిన్ ఎర్రబడి చస్తుంది. కఠినత్వాన్ని సున్నాకు దించొద్దు, పాత జీఐ పైపులను నీరు తినడం మొదలుపెడుతుంది. బైపాస్ వాల్వుతో సాఫ్ట్‌నర్‌లోకి వెళ్లని పాతిక శాతం బోరు నీరు కలిపితే 100 దగ్గర నిలుస్తుంది, ఉప్పు ఖర్చూ నాలుగో వంతు తగ్గుతుంది.

పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, మే నెలాఖరున ఒకటి, వానలు తగ్గాక నవంబరులో ఒకటి, అదే కుళాయి దగ్గర, అదే పద్ధతిలో. బోరు లోతు పెంచినా, కొత్తది వేసినా వెంటనే ఫ్లోరైడు, యురేనియం చూడాలి. రీజనరేషన్‌లో బయటికొచ్చే ఉప్పు నీటిని ఇంకుడు గుంతలోకి గానీ, తోటలోకి గానీ వదలకండి. గుంతలోకి వదిలితే అది మీ బోరులోకే దిగి, వచ్చే మే రిపోర్టులో క్లోరైడు అంకెను పెంచుతుంది, అప్పుడు మురుగుదేదో సాఫ్ట్‌నర్‌దేదో విడదీయడం కష్టం. దాన్ని మురుగు లైనులోకే పంపాలి. సొంత ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉన్న చోట విడి ట్యాంకులో పట్టి కొంచెం కొంచెంగా వదలాలి, ఒక్కసారిగా పోస్తే అక్కడి బ్యాక్టీరియా దెబ్బతింటుంది.